మన పేగులోని నేస్తానికి అన్నం పెడుతున్నామా?

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వస్తుంటే రెండు పక్కలా పాత మర్రిచెట్లు కనిపిస్తాయి. తెల్లవారుజామున ఆ చెట్ల కింద నుంచి కూరగాయల ఆటోలు, ట్రాలీలు పట్నం దారి పడతాయి. టమాట, క్యారెట్, పాలకూర, బీరకాయ, గోకరకాయ, అన్నీ మన చేలలో పండినవే. పొద్దెక్కాక అదే రోడ్డు మీద పట్నం నుంచి మన ఊళ్లకు బిస్కెట్ల పెట్టెలు, చిప్స్ ప్యాకెట్లు, మైదా బన్నులు, కూల్‌డ్రింకులు వస్తాయి. మనం పండించింది పట్నం తింటోంది. పట్నం తయారు చేసింది మన పిల్లలు తింటున్నారు.

ఆసుపత్రి ఓపీలో కూర్చుంటే మాకు రోజూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "నాలుగు రోజులైంది, కడుపు సాఫీగా లేదు" అని పెద్దవాళ్లు. "షుగర్ తగ్గట్లేదు" అని నడివయసువాళ్లు. వానాకాలం వచ్చిందంటే "బాబుకు నిన్నటి నుంచి నీళ్ల విరేచనాలు, ఓఆర్‌ఎస్ తాగించినా ఆగట్లేదు, సెలైన్ పెట్టండి" అని తల్లులు. ఇవి వేరువేరు బాధలే. కారణాలు కూడా వేరే. అయినా ఈ కథలన్నీ ఒక చోట కలుస్తాయి. ఆ చోటు మన పెద్దపేగు. అక్కడ నివసించే ఒక చిన్న జీవి గురించి ఈసారి మీతో మాట్లాడాలనుకున్నాం.

గాలి తగిలితే బతకని జీవి

సూక్ష్మజీవి అనగానే మనకు రోగమే గుర్తొస్తుంది. కానీ మన శరీరంలో ఉండే బ్యాక్టీరియా సంఖ్య సుమారు 38 లక్షల కోట్లు అని 2016లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అంటే మన శరీర కణాలు ఎన్ని ఉన్నాయో దాదాపు అన్ని. వాటిలో ఎక్కువ భాగం ఉండేది సుమారు మీటరున్నర పొడవున్న పెద్దపేగులోనే. అక్కడ ప్రాణవాయువు దాదాపు ఉండదు. అందుకే గాలి లేకుండా బతకగలిగే జీవులే అక్కడ కాపురం పెట్టాయి.

వాటిలో ముఖ్యమైన ఒకదాని పేరు ఫీకలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జీ. పలకడానికి కష్టంగానే ఉంటుంది. ప్రాస్నిట్జ్ అనే జర్మన్ సూక్ష్మజీవ శాస్త్రవేత్త గుర్తుగా పెట్టిన పేరు అది. చాలాకాలం దీన్ని వేరే తరగతిలో లెక్కించారు. 2002లో దీనికి ఇప్పుడున్న పేరు ఖాయమైంది. ఇటీవలి సంవత్సరాల్లో దీన్ని ఒకటి కాదు, దగ్గరి చుట్టాలైన కొన్ని జాతుల గుంపుగా గుర్తిస్తున్నారు. ఆరోగ్యవంతులైన పెద్దవారి పేగు బ్యాక్టీరియాలో సుమారు 5 శాతం, కొందరిలో అంతకంటే ఎక్కువ, ఇదే ఉంటుంది. వందల రకాల జీవులున్న చోట ఒక్కదానికే అంత వాటా అంటే చిన్న విషయం కాదు.

దీని స్వభావం విచిత్రం. బయటి గాలి తగిలితే కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోతుంది. అందువల్ల ప్రయోగశాలలో పెంచడం కష్టం, మాత్రలో పెట్టి అమ్మడం మరీ కష్టం. మన పేగులో ఉన్నదాన్ని మనమే కాపాడుకోవాలి.

పీచు ఎవరికి ఆహారం?

జొన్నలు, పప్పులు, ఆకుకూరలు, పండ్లలో ఉండే పీచు పదార్థాన్ని మన జీర్ణరసాలు అరిగించలేవు. అది నోటి నుంచి చిన్నపేగు చివరి దాకా దాదాపు అలాగే ప్రయాణిస్తుంది. "అరగనిది తినడం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. అది మనకు అరగదు, వాటికి అరుగుతుంది. పెద్దపేగులోని బ్యాక్టీరియాకు అదే భోజనం.

దోశెల పిండి రాత్రంతా ఉంచితే పొద్దున్నకు పులిసి పొంగుతుంది కదా, పెద్దపేగులో పీచుకు జరిగేది కూడా అలాంటి పులియబెట్టడమే. ఈ పని ఒక్క జీవి చేయదు. కొన్ని బ్యాక్టీరియాలు గట్టి పీచును, పిండిపదార్థాన్ని ముందుగా విరగ్గొడతాయి. చిన్నపేగులో అరగకుండా మిగిలిపోయిన పిండిపదార్థాన్ని విరగ్గొట్టడంలో రుమినోకాకస్ బ్రోమీ అనే బ్యాక్టీరియా అందరికంటే ముందుంటుందని స్కాట్లండ్‌లోని అబెర్డీన్ శాస్త్రవేత్తలు 2012లో చూపించారు. ఈ క్రమంలో అసిటేట్ అనే ఆమ్లం తయారవుతుంది. మన ఫీకలిబ్యాక్టీరియం ఆ అసిటేట్‌ను కూడా వాడుకుని బ్యూటిరేట్ అనే మరో ఆమ్లాన్ని తయారు చేస్తుంది. ఒకరు కోత కోస్తే, ఒకరు కుప్ప వేస్తే, ఇంకొకరు నూర్చినట్టు.

ఈ బ్యూటిరేట్ వల్ల మనకు ఒరిగేది ఏమిటి?

మొదటిది, పెద్దపేగు లోపలి పొర కణాలకు కావలసిన శక్తిలో 60 నుంచి 70 శాతం దాకా బ్యూటిరేట్ నుంచే వస్తుంది. మిగతా శరీరం రక్తంలోని చక్కెర మీద ఆధారపడితే, ఈ కణాలు బ్యాక్టీరియా వండిపెట్టిన దాన్ని తిని బతుకుతాయి.

రెండవది, బ్యూటిరేట్‌ను వాడుకునేటప్పుడు ఆ కణాలు ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి. దాంతో పేగు లోపల గాలి లేని వాతావరణం నిలుస్తుంది, మేలు చేసే జీవులు బతుకుతాయి.

మూడవది, అది పేగు గోడలో వాపును తగ్గిస్తుంది.

నాలుగవది మన తల్లులందరూ తెలుసుకోవలసినది. పెద్దపేగు ఉప్పును, నీటిని తిరిగి శరీరంలోకి పీల్చుకోవడానికి ఈ ఆమ్లాలు సాయం చేస్తాయి. ఈ నాలుగో సంగతి నుంచే వెల్లూరు కథ మొదలవుతుంది.

వెల్లూరులో ఏం చేశారు?

మన తెలుగువాళ్లకు వెల్లూరు కొత్త కాదు. 1900లో డాక్టర్ ఐడా స్కడర్ ఒకే ఒక మంచంతో మొదలుపెట్టిన చిన్న దవాఖాన క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా ఎదిగింది. రాయలసీమ నుంచి, తెలంగాణ నుంచి ఎన్నో కుటుంబాలు వైద్యం కోసం అక్కడికి రైలెక్కాయి.

అక్కడి జీర్ణకోశ వైద్యులు ఒక పాత సమస్యను పట్టుకున్నారు. ఓఆర్‌ఎస్ గొప్ప మందు, అందులో అనుమానం లేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ బొంగావ్‌లో ఉప్పు, చక్కెర కలిపిన నీటిని తాగించి మరణాలను 4 శాతం లోపుకు తెచ్చారు. ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. అయితే ఓఆర్‌ఎస్ చేసేది ఒంట్లో పోయిన నీటిని తిరిగి నింపడం. విరేచనం పరిమాణాన్ని అది తగ్గించదు. మన తల్లులు "తాగిస్తున్నా ఆగట్లేదు" అనేది అందుకే. అలా అని పనిచేయలేదనుకుని మానేస్తే ప్రమాదం.

ఓఆర్‌ఎస్‌లోని గ్లూకోజ్ చిన్నపేగులో పనిచేస్తుంది. గ్లూకోజ్‌తో పాటు ఉప్పు లోపలికి పోతుంది, దాని వెంట నీరు పోతుంది. కానీ పెద్దపేగు సంగతి ఏమిటి? అక్కడ కూడా నీటిని పీల్చే శక్తి ఉంది కదా, దాన్ని ఎందుకు వాడుకోకూడదు? చిన్నపేగులో అరగని పిండిపదార్థాన్ని ఓఆర్‌ఎస్‌లో కలిపితే అది పెద్దపేగు దాకా పోతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఆమ్లాలు తయారు చేస్తుంది. ఆ ఆమ్లాలు ఉప్పును, నీటిని లోపలికి లాగుతాయి. ఇదీ వారి ఆలోచన.

డాక్టర్ బి. ఎస్. రామకృష్ణ, ఆయన సహచరులు 48 మంది కలరా రోగులను మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు మామూలు ఓఆర్‌ఎస్. రెండో గుంపుకు లీటరుకు 50 గ్రాముల బియ్యప్పిండి కలిపినది. మూడో గుంపుకు లీటరుకు 50 గ్రాముల, తేలిగ్గా అరగని ప్రత్యేకమైన మొక్కజొన్న పిండిపదార్థం కలిపినది. ఫలితాలు 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. మామూలు ఓఆర్‌ఎస్ తాగినవారికి విరేచనాలు సగటున 91 గంటలు సాగాయి. బియ్యప్పిండి గుంపుకు 71 గంటలు. మొక్కజొన్న గుంపుకు 57 గంటలే. అంటే దాదాపు ఒకటిన్నర రోజు తగ్గింది. విరేచనం పరిమాణం కూడా తగ్గింది.

2006లో అదే వెల్లూరు నుంచి 3 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలపై జరిపిన అధ్యయనం వచ్చింది. అందులోనూ విరేచనాలు త్వరగా తగ్గాయి. 2008లో మరో సంగతి బయటపడింది. విరేచనాలు పట్టుకున్న పిల్లల మలంలో ఫీకలిబ్యాక్టీరియం వంటి మేలు చేసే జీవులు తగ్గిపోతున్నాయి, కోలుకున్నాక తిరిగి పెరుగుతున్నాయి. అంటే విరేచనాల్లో నీళ్లు, ఉప్పు మాత్రమే పోవడం లేదు, నేస్తాలు కూడా పోతున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ ఇంట్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో మొక్కజొన్న పిండి, ఇంకో పిండి కలపవద్దు. ఆ అధ్యయనాల్లో వాడిన పదార్థం వేరు, కొలత వేరు, పక్కన వైద్యులున్నారు. ఓఆర్‌ఎస్‌ను ప్యాకెట్ మీద రాసినట్టే కలపండి. గంజి పట్టాలనుకుంటే విడిగా పట్టండి.

రొట్టె పోయి అన్నం వచ్చింది

మన ప్రాంతపు నల్లరేగడి చేలలో యాసంగి జొన్న పండేది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అడగండి. పొద్దున గటక, మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర లేదా పప్పు, రాత్రి మళ్లీ రొట్టె. తెల్లన్నం పండుగకో, చుట్టాలొస్తేనో. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఆకలితో ఉన్న ఇళ్లకు అది నిజంగా అండగా నిలిచింది, దాన్ని తక్కువ చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ మెల్లమెల్లగా మూడు పూటలా అన్నమే అయింది. ఆ అన్నం కూడా బాగా పాలిష్ పట్టిన బియ్యంతో.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలలో పీచు సుమారు 10 గ్రాములు. పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. రాగులు, సజ్జలలో సుమారు 11. పొట్టుతో ఉన్న పెసలలో 17, సెనగలలో 25. పెద్దవారికి రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. మూడు పూటలా తెల్లన్నం, పలుచని చారు, పచ్చడితో సరిపెడితే అందులో సగం కూడా చేరదు.

తిండి మారితే పేగు ఎంత త్వరగా మారుతుందో 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అమెరికాలోని 20 మంది నల్లజాతివారు, దక్షిణాఫ్రికా పల్లెల్లోని 20 మంది రెండు వారాల పాటు ఒకరి తిండి ఒకరు తిన్నారు. అమెరికావారు రోజుకు 14 గ్రాముల పీచు నుంచి 55 గ్రాములకు వచ్చారు. ఆ రెండు వారాల్లోనే వారి పేగులో బ్యూటిరేట్ రెండున్నర రెట్లు పెరిగింది, పేగు గోడలో వాపు గుర్తులు తగ్గాయి. పల్లెవాళ్లకు అమెరికా తిండి పెట్టగానే అంతా తలకిందులైంది. చెడడానికి రెండు వారాలు చాలు. బాగుపడటం మొదలవడానికీ రెండు వారాలు చాలు.

అన్నీ దీని వల్లేనా?

కాదు. ఈ మాట స్పష్టంగా చెప్పడం మా బాధ్యత.

2008లో ఫ్రాన్స్ వైద్యులు క్రోన్స్ వ్యాధి ఉన్నవారిని పరిశీలించారు. అది పేగులు వాచి పుండ్లు పడే జబ్బు. ఆపరేషన్ అయ్యాక ఫీకలిబ్యాక్టీరియం తక్కువగా ఉన్నవారిలో ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఇలాంటి పేగు వాపు జబ్బులు పట్నాలవే అనుకునేవారు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చే రోగుల్లోనూ ఇవి కనిపిస్తున్నాయని హైదరాబాద్ ఏఐజీ వైద్యులు 2023లో రాశారు. ఇదంతా చూస్తే ఈ జీవి ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదనిపిస్తుంది. కానీ 2010లో వెల్లూరు పరిశోధకులు దక్షిణ భారత పిల్లలను చూసినప్పుడు, ఊబకాయం ఉన్న పిల్లల్లోనే ఇది ఎక్కువగా ఉంది! కాబట్టి ఒక్క జీవిని పట్టుకుని అదే సర్వరోగ నివారిణి అనుకోవద్దు. ఊరు బాగుండాలంటే ఒక్క ఇల్లు బాగుంటే చాలదు కదా. పేగు కూడా అంతే.

ఇంట్లో ఏం చేయవచ్చు?

ఒక రోజు లెక్క చూడండి. 100 గ్రాముల జొన్నపిండితో రెండు రొట్టెలు, 10 గ్రాముల పీచు. ఒక గుప్పెడు కందిపప్పు, సుమారు 3. రెండు పూటలా కలిపి పావుకిలో కూరగాయలు, ఆకుకూర, 8 నుంచి 9. ఒక జామపండు, సుమారు 8. మొత్తం 30 దగ్గరకు చేరింది. ఇందులో పట్నం నుంచి తెప్పించుకోవలసింది ఏదీ లేదు.

జొన్నరొట్టె మూడు పూటలా తినక్కర్లేదు. వారంలో మూడు నాలుగు రాత్రులతో మొదలుపెట్టండి. పిల్లలకు సాయంత్రం చిప్స్ బదులు ఉడికించిన సెనగలో, మొలకెత్తిన పెసలో ఇవ్వండి. అమ్మకానికి పంపే బుట్టలోంచి ఒక్క కట్ట ఆకుకూర ఇంటికి తీసి పెట్టండి.

పీచు ఒక్కసారిగా పెంచవద్దు. అలవాటు లేని పేగు ఉబ్బుతుంది, గ్యాసు వస్తుంది. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి, నీళ్లు ఎక్కువ తాగండి. పేగు ఆపరేషన్ అయినవారు, పేగు సన్నబడినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుణ్ని అడగండి. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలవిసర్జన అలవాటు కొత్తగా మారినా పీచుతో సరిపెట్టుకోకుండా పరీక్ష చేయించుకోండి.

మీరు అడిగే ప్రశ్నలు

పెరుగు తింటే ఈ బ్యాక్టీరియా వస్తుందా?
రాదు. పెరుగులోని బ్యాక్టీరియా వేరు, అది గాలిలోనూ బతుకుతుంది. పెరుగు మంచిదే, కానీ పీచుకు బదులు కాదు.

చద్దన్నం మంచిదా?
వండిన అన్నం చల్లారినప్పుడు అందులోని పిండిపదార్థం కొంత గట్టిపడి, చిన్నపేగులో అరగని రూపానికి మారుతుంది. అది పెద్దపేగులోని జీవులకు ఆహారం. అయితే వండిన అన్నాన్ని గంటల తరబడి వెచ్చగా వదిలేస్తే వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములు పెరుగుతాయి. త్వరగా చల్లార్చి, శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి, వీలైతే ఫ్రిజ్‌లో ఉంచండి. వాసన మారితే పారేయండి.

విరేచనాలకు మెడికల్ షాపులో మాత్ర అడిగి వేసుకోవచ్చా?
వద్దు. పిల్లల నీళ్ల విరేచనాలు ఎక్కువగా వైరస్‌ల వల్ల వస్తాయి, వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా విరేచనాల వల్ల ఇప్పటికే తగ్గిన మేలు చేసే జీవులు ఇంకా దెబ్బతింటాయి. కలరా, రక్త విరేచనాలు వంటి వాటికి యాంటీబయాటిక్ అవసరమవుతుంది. ఆ సంగతి వైద్యులు నిర్ణయించాలి.

బిడ్డకు విరేచనాలు అయితే మరి ఏం చేయాలి?
ప్యాకెట్ మీద చెప్పిన కొలత ప్రకారం, పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం ఓఆర్‌ఎస్ కలపండి. 24 గంటల్లో వాడి మిగిలింది పారబోయండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకంటే పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. 14 రోజులు జింక్ ఇవ్వండి, మోతాదు ఆశా కార్యకర్తను గానీ నర్సును గానీ అడగండి. తల్లిపాలు ఆపవద్దు. "కడుపు ఖాళీగా ఉంచితే తగ్గుతుంది" అనే మాట వినవద్దు. తిండి తినే వయసు పిల్లలకు మెత్తని అన్నం, పప్పు, గంజి పెట్టండి. ఉడికించిన పచ్చి అరటికాయ కూడా మేలు చేస్తుందని 2001లో బంగ్లాదేశ్ వైద్యులు, వదలకుండా సాగే విరేచనాలున్న పిల్లలలో చూపించారు. దానిలోనూ ఉన్నది అరగని పిండిపదార్థమే.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?
కళ్లు లోతుకు పోయినా, బిడ్డ మందకొడిగా ఉన్నా, తాగలేకపోతున్నా, ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా, వాంతులు ఆగకపోయినా ఆలస్యం చేయవద్దు. రెండు నెలల లోపు పసిబిడ్డ అయితే ఇవేవీ కనిపించే దాకా చూడకుండా వెంటనే తీసుకురండి. దారిలో కూడా ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఉండండి.

రేపు పొద్దున మర్రిచెట్ల కింద కూరగాయల ట్రాలీ ఎదురైనప్పుడు ఒక్కసారి ఆలోచించండి. అందులో కొంత మన ఇంట్లో ఆగిందా? జొన్నల డబ్బా ఖాళీగా ఉందా, నిండుగా ఉందా? మనం తిన్న పీచును బ్యూటిరేట్‌గా మార్చి మన పేగుకే తిరిగి వడ్డించే నేస్తాలు లోపల ఎదురు చూస్తున్నాయి. ఈ రాత్రి వాటి పేరు మీద ఒక రొట్టె ఎక్కువ చేయండి.